పదకొండు కవర్లు

మే నెల మొదటి శనివారం. సుపీరియర్ సరస్సు ఒడ్డున
మంచు పెళ్ళలు ఇంకా ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి.
కంగాస్ హార్డ్‌వేర్ షాపు వెనక గదిలో
రంగు డబ్బాల మీద చెక్కలు పరుచుకుని
పదకొండు మందిమి కూర్చున్నాం.
పన్నెండో కుర్చీ మడిచి గోడకి ఆనించి ఉంది.

పంతొమ్మిదేళ్ళ లీగు మాది.
ఒకసారి తీసుకున్న ఆటగాడు
మోకాలు విరిగేదాకా, జుట్టు నెరిసేదాకా మనవాడే.
ఎక్కడో వాళ్ళు పరిగెత్తిన గజాలు
ఇక్కడ మా కాగితాల మీద పాయింట్లవుతాయి.
మేమెవరమో వాళ్ళకి తెలియదు.
ఆలూ చూలూ లేని సోమలింగాన్ని చూసి
మీరు నవ్వితే నవ్వండి గానీ,
రెండేళ్ళ తర్వాతి ఫస్ట్ రౌండ్ పిక్కుని
మేం ఇవాళే అమ్ముకుంటాం,
ఆ వచ్చేవాడు ఇప్పుడు ఏ ఊళ్ళో
లెక్కల పరీక్ష తప్పుతున్నాడో తెలియకుండానే.

వెర్నర్ హాల్మె కుర్రాళ్ళ గురించి జోస్యం చెప్పేవాడు కాదు.
నలభై గజాల పరుగు, ఎగిరిన ఎత్తు, అరచేతి కొలత
మేం బట్టీ పడుతుంటే
అతను మమ్మల్ని చూస్తూ కూర్చునేవాడు.
ఎవరు ఎవర్ని తీసుకుంటారో ముందే రాసి
కవర్లలో పెట్టి, నాలికతో తడిపి అంటించేవాడు.
పేరు చెప్పాకే కవరు విప్పాలి.
నిజమైతే అతనికో పాస్టీ బాకీ.
అతను సొంత డబ్బుతో పాస్టీ కొనుక్కోగా నేను చూడలేదు.

ఫిబ్రవరిలో, గడ్డకట్టిన నీటి మీద చేపల గుడిసెలో
స్టవ్వు ఆరకముందే పోయాడు.

ఇవాళ కూతురు ఓడ్రీ వచ్చింది. బూట్లు విప్పకుండా
గుమ్మంలోనే నిలబడి ఎరల డబ్బా చేతికిచ్చింది.
"జనవరిలోనే రాసేశాడు. నాకీ ఆట తెలీదు."
జనవరికి ఆ కుర్రాళ్ళ పరుగు ఎవరూ కొలవనేలేదు.

మొదటి పిక్ అర్వో లాహ్టిది. రన్నింగ్ బ్యాక్ టలీ.
కవర్లో: *టలీ. కొత్త మోకాలు వేయించుకున్నప్పట్నుంచీ
అర్వోకి పరిగెత్తేవాళ్ళే కావాలి.*
అర్వో నవ్వాడు. తర్వాత బల్ల కింద మోకాలు రుద్దుకున్నాడు.

*క్వార్టర్‌బ్యాక్ మిగిలి ఉన్నా డెల్ఫీన్ తీసుకోదు.
ఎడంచేతివాటం వాడు. మాజీ మొగుడు గుర్తొస్తాడు.*
డెల్ఫీన్ ఒక బూతు మాట అని
కాగితం కోటు లోపలి జేబులో దాచుకుంది.

రోలీ విషయంలో మాత్రం తప్పాడు.
రోలీ కుర్చీలోంచి ఎగిరి గంతేసి,
మళ్ళీ కూర్చుని,
"నేను మారానని అతనికి చెప్పేవాళ్ళు లేకపోయారు" అన్నాడు.

వెర్నర్ వంతు వచ్చినప్పుడు
గడియారాన్ని పూర్తిగా తిరగనిచ్చాం.
రెండు నిమిషాలు ఫ్రిజ్ ఒక్కటే మాట్లాడింది.

నిరుడు ఫైనల్లో అతన్ని ఓడించింది నేనే,
అందుకని ఈ ఏడు నా వంతు ఆఖరు.
నెల రోజులుగా నాలిక మీద ఒక పేరుంది,
ఎవరూ పట్టించుకోని టైట్ ఎండ్, వింటర్‌బోర్న్.
ఆ పేరు చెబితే లోపల అదే ఉంటుందని బెదురు.
మార్చి చెబితే ఆ మార్చిందే ఉంటుందని ఇంకా బెదురు.
కవరుని బల్బుకి ఎదురుగా పట్టాను.
అదీ ఊహించాడు ముసలాడు,
రాత చుట్టూ నల్లకాగితం మడత పెట్టాడు.

పేరు చెప్పాను.
కంగాస్ బోర్డు మీద తప్పు స్పెల్లింగుతో రాశాడు.
కవరు విప్పమని ఎవరూ అడగలేదు.

అది నా ట్రక్కులో, ఎండ తెర వెనక,
మంచు ఎత్తిన రశీదుల మధ్య ఉంది.
కుర్రాడు ఆడితే తెలివి నాదే అనుకుంటాను.
ఆడకపోతే ఏ నవంబరు రాత్రో విప్పుతాను,
ఆ తప్పులో నేనొక్కణ్ణే ఉన్నానో
ఇద్దరం ఉన్నామో చూసుకోడానికి.